పంజాబ్ తెలుసు, పక్క బడి తెలియదు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. హైస్కూలు పిల్లలు తలలకు రంగురంగుల పాగాలు చుట్టుకుని చేతులు పైకెత్తి భాంగ్రా చేస్తున్నారు, వెనక ఫ్లెక్సీ మీద 'ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్' అని ఉంది, పక్కన పెద్దమనుషులు నలుగురు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. చూడగానే నవ్వొచ్చింది, తర్వాత కాస్త ఇబ్బందిగా కూడా అనిపించింది, ఎందుకంటే అచ్చం అలాంటి ఫొటోలు నేను కూడా ఓ నాలుగైదు తీయించి అప్‌లోడ్ చేసినవాణ్ణే. కడప దగ్గర ఒక సర్కారు బడిలో సోషల్ చెప్పి 2022లో రిటైరయ్యాను. ఆ పాగాలు ఎలా తయారవుతాయో నాకు తెలుసు. పిల్లలు ఇంట్లో అమ్మల పాత చున్నీలు, అక్కల పట్టు ఓణీలు తెస్తారు, డ్రిల్లు మాస్టారు ఫోన్లో వీడియో చూస్తూ చుడతాడు, జారిపోకుండా వెనక నాలుగు పిన్నీసులు పెడతాడు. ఫొటో అయ్యేదాకా నిలిస్తే చాలు.

ఈ ఉత్తరం ఆ పిల్లల్ని గానీ ఆ బడిని గానీ తప్పు పట్టడానికి రాయడం లేదు. ఆ డబ్బు గురించి రాస్తున్నాను. పిల్లలు ఒకరి సంస్కృతిని, ఒకరి మతాన్ని ఇంకొకరు అర్థం చేసుకోవాలని ప్రభుత్వం బడులకు ఇచ్చే డబ్బు ఎలా వస్తుంది, దేనికి ఖర్చవుతుంది, ఎందుకు అది అసలు పనికి చేరదు అన్నది ఒక మాస్టారు కళ్లతో చెప్దామని.

ముందు ఆ ఫ్లెక్సీ మీదున్న 'ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్' పథకం సంగతి. 2015 అక్టోబరు 31న, పటేల్ జయంతి రోజున ప్రధాని ప్రకటించారు. దేశంలో రెండేసి రాష్ట్రాలకి జత కుదిర్చి ఒకరి భాష, తిండి, పాట, వేషం ఇంకొకరికి పరిచయం చెయ్యాలన్నది ఆలోచన. మన ఆంధ్రకి పంజాబ్, తెలంగాణకి హర్యానా జత. ఆలోచనలో తప్పేం లేదు, నాకు నచ్చింది కూడా. బళ్లలో క్లబ్బులు పెట్టమన్నారు, పెట్టాం. 2018లో భాషా సంగమం అని ఇంకోటి వచ్చింది, 22 భాషల్లో ఒక్కోదాంట్లో అయిదేసి చిన్న వాక్యాలు అసెంబ్లీలో చెప్పించాలి, అవీ చెప్పించాం. కాశ్మీరీ వాక్యం మా పిల్లలు పలికిన తీరు వింటే కాశ్మీరు వాళ్లు ఏమనుకునేవారో గానీ పిల్లలకి మాత్రం భలే సరదాగా ఉండింది.

ఇక్కడే అసలు విషయం ఉంది. మా బడికి తూర్పు వైపు అయిదడుగుల ప్రహరీ. దానికవతల ఉర్దూ మీడియం బడి. ఒకప్పుడు రెండూ ఒకే ఆవరణ, ఎప్పుడో నిధులొస్తే మధ్యలో గోడ కట్టారు. మా బెల్లు కొడితే వాళ్లకి వినబడుతుంది, వాళ్ల అసెంబ్లీ పాట మాకు వినబడుతుంది, మధ్యాహ్నం అన్నం రెండు బళ్లకీ ఒకే ఏజెన్సీ అక్కయ్యలు వండుతారు, ఒకే సాంబారు. మా పిల్లలు దాన్ని సాయిబుల బడి అంటారు. వాళ్లు మాది తెలుగోళ్ల బడి అంటారు, వాళ్లు ఇంట్లో, వీధిలో మాట్లాడేదాంట్లో సగం తెలుగే అయినా సరే. గోడ మీదుగా బాలు పడితే తప్ప ఈ పిల్లలకీ ఆ పిల్లలకీ మాటల్లేవు. బాలు పడినప్పుడు ఏ మాటలుంటాయో మీరు ఊహించుకోవచ్చు.

ఒకరోజు పంజాబ్ ప్రోగ్రాం అయిపోయాక ఏడో తరగతిలో ఊరికే అడిగాను. గురుద్వారా అంటే ఏంది? పదిహేను చేతులు లేచాయి. లంగర్ అంటే? అక్కడ అందరికీ పెట్టే ఉచిత భోజనమని అదీ చెప్పారు. సరే, గోడ అవతలి బడి బోర్డు మీద ఏం రాసుంది? ఒక్క చెయ్యి లేవలేదు. వెనక బెంచీ పిల్లవాడొకడు, "అది తురకం సా, మనకు రాదు" అన్నాడు. రెండు వేల కిలోమీటర్ల అవతల ఉన్న పంజాబ్ గురించి పరీక్ష పెడితే పాసయ్యే పిల్లలు అయిదడుగుల గోడ అవతల ఏముందో తెలియకుండా చదువుతున్నారు. పైగా మన రాష్ట్రంలో ఉర్దూ 2022 నుంచి రెండో అధికార భాష.

ఇందులో పిల్లల తప్పు ఏముంది చెప్పండి. వాళ్లకన్నా ముందు మాదే తప్పు. నేను అదే బడిలో తొమ్మిదేళ్లు ఉండి, ఆ ప్రహరీ అవతల హెడ్మిస్ట్రెస్ మేడమ్‌తో మాట్లాడింది ఎలక్షన్ డ్యూటీల్లో, పదో తరగతి ఇన్విజిలేషన్లో, అంతే.

చివరికి మేడమ్‌తో మాట కలిసింది 2019లో. ఆమెకీ ఇదే బాధ ఉందని అప్పుడు తెలిసింది. వాళ్ల పిల్లలు పంజాబీ పాట నేర్చుకుంటున్నారు, మా పిల్లలు అదే పంజాబీ పాట నేర్చుకుంటున్నారు, ఒకే సౌండు బాక్సు అద్దెకు తెచ్చి ఉదయం వాళ్లు, మధ్యాహ్నం మేము వాడుకున్నాం, విడివిడిగా! ఆమె నవ్వుతూ, "సార్, బాక్సు గోడ దాటింది, పిల్లలే దాటలేదు" అన్నారు. అక్కడ మొదలైంది. ఏడో తరగతి పిల్లల్ని, రెండు బళ్ల నుంచీ, కలిపి గండికోటకి తీసుకుపోదామనుకున్నాం.

గండికోట ఎందుకంటే, అక్కడ కోటలోపల మాధవరాయ స్వామి గుడి ఉంది, కాస్త దూరంలో జామియా మసీదు ఉంది, దాని పక్కనే పెద్ద ధాన్యాగారం. రెండు మతాలూ ఒకే ప్రహరీలో, అదీ మన జిల్లాలోనే. పిల్లలకి పెన్నా లోయ చూపించినట్టూ ఉంటుంది. భోజనం సంగతి పెద్ద చర్చ అయింది, చివరికి పులిహోర, పెరుగన్నం, ఎవరూ నొచ్చుకునేది లేకుండా. పులిహోర మా అక్కయ్యలు చేశారు, మేడమ్ ఇంటి నుంచి ఖీర్ డబ్బాలో వచ్చింది. బస్సులో మొదటి గంట ఎవరి సీట్లలో వాళ్లే, మా వాళ్లు ఎడమ పక్క, వాళ్లు కుడి పక్క, మధ్యలో దారి సరిహద్దులాగా. ఎర్రగుంట్ల దాటాక ఎవరో వాంతి చేసుకున్నారు. సీట్లు మారాల్సి వచ్చింది. అంతే, సరిహద్దు పోయింది. (ఏ ట్రైనింగు మాడ్యూల్‌లోనూ ఈ మార్గం రాసి లేదు లెండి.)

కోటలో జరిగింది నేను మర్చిపోలేను. గుళ్లోకి వెళ్లాం. చెక్కిన స్తంభాలు, పైకి ఎత్తయిన గోపురం, లోపల గర్భగుడిలో విగ్రహం లేదు, పూజలు లేవు. మసీదులోకి వెళ్లాం. చెప్పులు విప్పారు, అందరూ. లోపల గోడకి మిహ్రాబ్, అంటే నమాజు ఏ దిక్కుకో చూపే గూడు, ఉంది గానీ నమాజు చేసేవాళ్లెవరూ లేరు, పావురాలు ఉన్నాయి. మా బడి పిల్లవాడొకడు మేడమ్ దగ్గరికి వెళ్లి, "మేడం, ఈడ దేవుడు యాడుంటాడు?" అన్నాడు. మేడమ్ జవాబు చెప్పేలోపే ఉర్దూ బడి అమ్మాయి, అప్పటిదాకా నోరు విప్పని పిల్ల, "మా దాంట్లో బొమ్మ ఉండదు, ఆ పక్క తిరిగి మొక్కుతారు. మీ దాంట్లో బొమ్మ ఉండాల కదా, మరి అదెందుకు లేదు?" అంది. ఇంక చూడండి. ఒకరి గుడి గురించి ఒకరు, ఒకరి మసీదు గురించి ఒకరు, ధాన్యాగారం గోడ నీడలో కూర్చుని గంటసేపు. మేమిద్దరం పులిహోర పంచుతూ విన్నాం. మధ్యలో నేను ఒక్కసారి కల్పించుకుని పాఠం చెప్పబోతే మేడమ్ చేత్తో సైగ చేసి ఆపారు. మంచి పని చేశారు.

ఆ గంటలోనే ఉర్దూ బడి పిల్ల ఇంకో మాట చెప్పింది. ఉగాదికి వాళ్ల నాన్నమ్మ దేవుని కడప గుడికి పోయి టెంకాయ కొట్టి వస్తుందని. కడప వాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ, వెంకటేశ్వరస్వామి మా అల్లుడు అనుకుని ఉగాది నాడు ముస్లింలు ఆ గుడి ముందు బారులు తీరతారు, బెల్లం, చింతపండు, టెంకాయలు ఇచ్చుకుంటారు, ప్రతి ఏడూ మీ పేపర్లోనే ఫొటోలు వస్తాయి. పెద్ద దర్గా గంధానికి హిందువులు పోతారు, అదీ అందరికీ తెలుసు. కానీ అన్నీ తెలిసిన ఈ ఊళ్లో పుట్టిన మా బడి పిల్లల్లో సగం మంది ఆ మాట విని నోరు తెరిచారు. ఊరికి తెలిసింది బడికి తెలియలేదు. పెద్దోళ్లకి తెలిసింది పిల్లలకి చేరలేదు. ఆ గొలుసు ఎక్కడో తెగింది.

ఎక్కడ తెగిందో నా లెక్క నేను చెప్తాను, తప్పయితే మీ పాఠకులు సరిచేస్తారు. నా చిన్నప్పుడు వీధి బడి ఒక్కటే. కరణం గారి మనవడు, కంసలి పిల్లలు, దూదేకుల పిల్లలు, మాలపల్లె పిల్లలు, మేము, అందరికీ అదే బండ మీద కూర్చోవడం. మాలపల్లె పిల్లల్ని కాస్త ఎడంగా కూర్చోబెట్టేవారు, అదేమంత గొప్ప కాలం కాదు, నేను దాన్ని మెచ్చుకోవడం లేదు. కానీ కనీసం ఒకరి పేర్లు ఒకరికి తెలిసేవి. ఇప్పుడు డబ్బున్న పిల్లలు కార్పొరేటు బళ్లకి బస్సెక్కిపోయారు, ఉర్దూ మీడియం వాళ్లది వేరే గోడ, మిషనరీ బడి వేరే, గురుకులాలు వేరే, మిగిలినవాళ్లు మా దగ్గర. ఎవరి బడి వాళ్లకి దొరికింది, అందులో మంచి కూడా ఉంది. కానీ బళ్లు విడిపోయాక మళ్లీ కలిసే చోటు ఒక్కటి కూడా ఎవరూ కట్టలేదు. మతం అని ఊరికే అంటాం గానీ మన దగ్గర మొదటి గోడ కులానిదే అని కూడా ఇక్కడ ఒప్పుకోవాలి, 'సర్వమత సామరస్యం' అని ఫ్లెక్సీ వేసి దాన్ని దాచేస్తాం.

ఇక డబ్బు దగ్గరికి వస్తాను. గండికోట బస్సుకి పదకొండు వేలు అయింది. దాన్ని బడి గ్రాంటులో పెడదామని అడిగితే కుదరదన్నారు. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద బడికి వచ్చేది కాంపోజిట్ గ్రాంటు, అంటే బడి ఏటి ఖర్చులన్నిటికీ కలిపి ఇచ్చే డబ్బు, నా సర్వీసులో దాని లెక్క ఇది: పిల్లలు 30 లోపు ఉంటే ఏడాదికి 10 వేలు, 100 లోపు 25 వేలు, 250 లోపు 50 వేలు, వెయ్యి లోపు 75 వేలు, ఆపైన లక్ష. అందులో కనీసం పది శాతం శుభ్రతకే పెట్టాలి. మిగిలిన దాంట్లో సుద్దముక్కలు, కరెంటు బిల్లు, పగిలిన ట్యాపు, ప్రింటరు ఇంకు, రిజిస్టర్లు, స్వాతంత్ర్య దినం చాక్లెట్లు. యూత్, ఎకో క్లబ్బులకి విడిగా వస్తుంది. పంజాబ్ ప్రోగ్రాముకి ఖర్చు చూపించొచ్చు, ఫ్లెక్సీ, సౌండు బాక్సు, స్నాక్స్, ప్రైజులు. కానీ పక్క బడితో కలిసి బస్సెక్కడానికి ఏ ఖర్చు పద్దూ లేదు. ఎందుకంటే ప్రతి గ్రాంటూ ఒక బడి పేరు మీద, ఒక యూడైస్ కోడ్ (బడికి ఇచ్చే గుర్తింపు నంబరు) మీద వస్తుంది. రెండు బళ్లు కలిసి ఖర్చు పెట్టే రూపాయి ఒక్కటి కూడా మన లెక్కల పుస్తకంలో లేదు. నవ్వుకోవాలంటే నవ్వుకోండి, మా క్లర్కు మాత్రం మంచి మనసుతో సలహా ఇచ్చాడు, "సార్, ఫినాయిలు కింద పెట్టేద్దాం" అని. పదకొండు వేల ఫినాయిలు అంటే బడి మొత్తం తేలిపోతుంది. చివరికి నేనూ మేడమ్ చెరి సగం వేసుకున్నాం.

ఇంకో చిక్కు, గ్రాంటు వచ్చే నెల. విద్యా సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది, మాకు డబ్బు పడేది ఎక్కువసార్లు జనవరి ఫిబ్రవరిలో, మార్చి 31 లోపల ఖర్చు చూపించి యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వాలి. పిల్లలకి పరీక్షల టెన్షన్ ఉండేది కూడా అప్పుడే. నలభై రోజుల్లో ఖర్చయ్యే మతసామరస్యం ఏముంటుంది చెప్పండి, ఫ్లెక్సీ తప్ప? అందుకే ఫ్లెక్సీలే కనబడతాయి.

నిజం చెప్పాలంటే ఈ తీరు ఇప్పటిది కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నవంబరు 19 నుంచి 25 దాకా కౌమీ ఏక్తా, అంటే జాతీయ సమైక్యతా వారం అని జరిపేవాళ్లం. కేంద్ర హోం శాఖ కింద 1992లో పెట్టిన మతసామరస్య ప్రతిష్ఠానం ఒకటి ఉంది, అల్లర్లలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల చదువులకి సాయం చేసే సంస్థ, మంచి పని. ఆ వారంలో దాని జెండా స్టిక్కర్లు బడికి వచ్చేవి, పిల్లల దగ్గర రూపాయి, రెండు రూపాయలు వసూలు చేసి పంపేవాళ్లం. పిల్లవాడు స్టిక్కరు చొక్కాకి అంటించుకునేవాడు, ప్రతిజ్ఞ చేసేవాడు, సాయంత్రానికి స్టిక్కరు సైకిలు మడ్‌గార్డు మీద ఉండేది. ఆ డబ్బు ఎక్కడో ఒక అనాథకి అందింది, సంతోషం. మా ఊరి పిల్లవాడు మా ఊరి ఇంకో పిల్లవాణ్ణి మాత్రం కలవలేదు.

మా అమ్మాయి ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్‌లో ఉంటుంది. అక్కడి సంగతి చెప్తే ఇదంతా ఎందుకు మాస్టారూ అంటారేమో గానీ చెప్పాల్సిందే, ఎందుకంటే అక్కడ నేను చూసింది నా గండికోట బస్సుకి పెద్దన్న లాంటిది. బ్రాడ్‌ఫర్డ్‌లో 2001 జులైలో పెద్ద అల్లర్లు జరిగాయి, పాకిస్తానీ మూలాల కుర్రాళ్లు ఒక వైపు, తెల్లవాళ్ల కుర్రాళ్లు, పోలీసులు ఇంకో వైపు. ఒకే ఊళ్లో ఉంటూ ఒకరి బళ్లు ఒకరికి తెలియకుండా, సమాంతరంగా బతుకుతున్నారని ఆ ఏడే వచ్చిన నివేదికలు మొహమాటం లేకుండా చెప్పాయి. అప్పుడు అక్కడి బళ్లు ఒక పని మొదలుపెట్టాయి. రెండు వేర్వేరు పేటల బళ్ల నుంచి ఒక్కో క్లాసుని తీసుకుని జత కలుపుతారు. స్కూల్స్ లింకింగ్ అంటారు, తర్వాత దేశంలో చాలా ఊళ్లకి పాకింది, ఇప్పుడు ది లింకింగ్ నెట్‌వర్క్ అనే సంస్థ నడిపిస్తుంది, అక్కడి ప్రభుత్వమూ పియర్స్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థా డబ్బిచ్చాయి.

నా మనవడు నాలుగో క్లాసులో ఉన్నప్పుడు వాడి క్లాసుకి అలా జత కుదిరింది. ముందు రెండు బళ్ల టీచర్లు కలిసి ట్రైనింగుకి వెళ్లారు. పిల్లలు ఏడాదంతా నాలుగు ప్రశ్నల మీద పని చేశారు: నేనెవరు, మనమెవరు, మనం ఎక్కడుంటాం, అందరం కలిసి ఎలా ఉంటాం. ముందు ఉత్తరాలు, బొమ్మలు. వీడు దోసె బొమ్మ వేసి పంపాడు, అవతలి పిల్లవాడు, ఖైబర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం, "ఇది మా ఇంట్లో కూడా ఉంది, కానీ తీపి" అని రాశాడు, ఏ వంటకమో మాకు ఇప్పటికీ తేలలేదు. తర్వాత కలిశారు. మొదటిసారి ఎవరి బడిలోనూ కాదు, ఎవరిదీ కాని చోట, మ్యూజియంలో. రెండోసారి ఒకరి బడిలో, మూడోసారి ఇంకొకరి బడిలో. ఇందులో నాకు బాగా నచ్చింది ఆ మొదటి కలయిక ఎవరి ఇంట్లోనూ కాకపోవడం. మా గండికోట కూడా తెలియకుండా అదే పని చేసింది.

అక్కడ ఇంకో ఏర్పాటు కూడా ఉంది. బళ్లలో మతాల గురించి ఏం చెప్పాలో సలహా ఇవ్వడానికి ప్రతి స్థానిక ప్రభుత్వానికీ ఒక మండలి ఉండాలని 1988 చట్టం పెట్టింది. అందులో చర్చి వాళ్లూ, ఇతర మతాల వాళ్లూ, టీచర్లూ కూర్చుంటారు. ఆ మండళ్లు బళ్లలో చిన్న చిన్న సర్వమత కార్యక్రమాలు చేసుకోవడానికి వెస్ట్‌హిల్ అనే ధర్మనిధి గ్రాంట్లు ఇస్తూ వచ్చింది. పెద్ద మొత్తాలు కావు. పెద్ద మొత్తాలు అక్కర్లేదు కూడా. అక్కడంతా బాగుపడిపోయిందని నేననడం లేదు, 2024 ఆగస్టులో వలసవాళ్ల మీద, మసీదుల మీద అక్కడ జరిగిన దాడులు అందరం టీవీలో చూశాం, మా అమ్మాయి వారం రోజులు పిల్లాణ్ణి పార్కుకి పంపలేదు. అయినా ఆ వారంలో వాడి జత బడి పిల్లవాడి తల్లి ఫోన్ చేసి, మీరు బాగున్నారా అని అడిగిందట. ఆవిడకీ మా అమ్మాయికీ పరిచయం ఆ బళ్ల జత వల్లనే.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుందని తెలుసు. మన రాజ్యాంగం సర్కారు బడిలో మతబోధ వద్దంటుంది కదా, 28వ అధికరణం ఉంది కదా, మీరు పిల్లల్ని మసీదుకి తీసుకుపోవచ్చా అని. మా ట్రిప్పు తర్వాత ఒక తండ్రి ఇదే అడిగాడు, ఆయన ఇంకొకరికి చెప్పాడు, వాళ్లు పై ఆఫీసుకి చెప్పారు, ఒక అధికారి నాకు ఫోన్ చేసి, "ఎందుకు సార్ రిస్కు, రిటైరుమెంటు దగ్గర పెట్టుకుని" అన్నారు. బెదిరించలేదు, మంచికే చెప్పారు. రెండో ఏడు బస్సు బయల్దేరలేదు. తర్వాత కోవిడ్ వచ్చింది, దాని మీదకి నెట్టేశాం గానీ నిజానికి ఆ ఫోనే ఆపింది.

ఆ తండ్రి ప్రశ్న తప్పు కాదు. దానికి జవాబు కూడా ఉంది. మతం బోధించడం వేరు, మతాల గురించి చెప్పడం వేరు అని చదువుల మీద కేంద్రం వేసిన కొఠారీ కమిషన్ 1964-66లోనే విడమరిచి చెప్పింది. 2002లో సుప్రీంకోర్టు, అరుణా రాయ్ కేసులో, మతాల గురించిన చదువు 28వ అధికరణానికి విరుద్ధం కాదంది. 51ఎ అధికరణంలో పౌరుల బాధ్యతల కింద మత, భాషా, ప్రాంతీయ భేదాలు దాటి సోదరభావం పెంచాలనీ, మన ఉమ్మడి సంస్కృతిని కాపాడాలనీ రాసుంది. ఇవన్నీ నేను ఆ తండ్రికి చెప్పలేదు. సెక్షన్లు చదివితే ఎవరి భయం పోతుంది? ఆయన్ని ఇంటికి పోయి కలిశాను, మీరూ రండి బస్సులో అన్నాను, పిల్లలు అక్కడ పూజా చెయ్యలేదు, నమాజూ చెయ్యలేదు, ప్రశ్నలు అడుక్కున్నారు అని చెప్పాను. టీ ఇచ్చాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియదు గానీ వాళ్ల అబ్బాయి మర్నాడు కూడా ఉర్దూ బడి పిల్లలతో గోడ దగ్గర మాట్లాడుతూ కనబడ్డాడు. తల్లిదండ్రుల్ని ముందే పిలిచి చెప్పకపోవడం మాత్రం మా పొరపాటే, ఆ మాట ఒప్పుకుంటాను. ఇష్టం లేనివాళ్ల పిల్లల్ని బలవంతంగా ఎక్కించకూడదు, మతబోధకీ పూజకీ ఎవర్నీ బలవంతపెట్టొద్దని కూడా 28లోనే ఉంది.

డబ్బు అక్కర్లేని పనులు కూడా ఉన్నాయి. మా క్లాసు హాజరు పట్టీలో మస్తానమ్మ ఉంది, హిందువుల పిల్ల. ఖాజా మస్తాన్ ఉన్నాడు, ముస్లిం. కుళ్లాయప్ప ఇద్దరు, ఒకరు ఇటు, ఒకరు అటు. ఒకరోజు పాఠం పక్కన పెట్టి, నీ పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఇంట్లో అడిగి రండి అన్నాను. మర్నాడు మస్తానమ్మ, వాళ్ల అవ్వ దర్గాకి మొక్కుకుంటే పుట్టానని, అందుకే ఆ పేరని చెప్పింది. పోతులూరి వీరబ్రహ్మం గారి శిష్యుడు దూదేకుల సిద్దయ్య కథ ఈ జిల్లా పిల్లలకి చెప్పక్కర్లేదు, వాళ్లే మనకి చెప్తారు. రాయలసీమలో ఒక హాజరు పట్టీ చాలు. కానీ ఈ పని ఒక గోడ లోపల ఉన్న పిల్లలతోనే కుదురుతుంది, గోడ అవతలి వాళ్లతో కుదరాలంటే బస్సు కావాలి, టైము కావాలి, ఇద్దరు టీచర్లకి ఒక రోజు కలిసి కూర్చునే వీలు కావాలి.

అందుకని నేను అడిగేది చాలా చిన్నది. పంజాబ్ వద్దని కాదు, పంజాబ్ కూడా ఉండనివ్వండి. మండలానికి కొన్ని గ్రాంట్లు రెండు బళ్లకి కలిపి ఇవ్వండి. తెలుగు మీడియం బడికీ ఉర్దూ బడికీ కావచ్చు, ఊరి బడికీ కాలనీ బడికీ కావచ్చు, జిల్లా పరిషత్ బడికీ ప్రైవేటు బడికీ అయితే ఇంకా మంచిది, ఎందుకంటే ఈ రెండు రకాల పిల్లలు ఇప్పుడు పెళ్లిళ్లలో కూడా కలవడం లేదు. జతకి పాతిక వేలు ఇస్తే చాలు, జులైలో పడాలి. ఒక్కసారి కలిస్తే లాభం లేదు, అదే పిల్లలు ఏడాదిలో కనీసం మూడుసార్లు కలవాలన్నది ఒక్కటే షరతు పెట్టండి. ఫొటో అప్‌లోడ్ అడక్కండి, కావాలంటే ఇద్దరు పిల్లల్ని, ఒక్కో బడి నుంచి ఒకర్ని, రెండు పేజీలు రాసివ్వమనండి. పోటీలు, ప్రైజులు పెట్టకండి, ప్రైజు పెట్టగానే మన బడి గెలవాలి అని మళ్లీ మొదటికొస్తుంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా సంచి లేని పది రోజులు ఉండాలని 2020 జాతీయ విద్యా విధానంలోనే ఉంది కదా, అందులో మూడు రోజులు దీనికి తీసుకోండి, సిలబస్ పోతుందని ఎవరూ అనరు. ట్విన్నింగ్ అని సమగ్ర శిక్షలో బళ్లని జత కలిపే కార్యక్రమం ఇప్పటికే ఉంది, పేరుకి ఉన్న దాన్నే ఇలా వాడుకోవచ్చు.

మీ పేపరుకి కూడా ఒక మనవి. ఇంకోసారి పాగాల ఫొటో వచ్చినప్పుడు వెయ్యండి, పిల్లలు సంతోషిస్తారు. దాంతో పాటు మీ విలేకరి ఆ హెడ్మాస్టరు గారిని రెండు ప్రశ్నలు అడగాలి. డబ్బు ఏ నెలలో పడింది? మీ పక్క బడి పేరేంటి?

గోడ సంగతి చెప్పడం మరిచాను. గండికోట నుంచి వచ్చాక మేడమ్, నేను కలిసి ఆ ప్రహరీలో ఒక చిన్న గేటు పెట్టించాలని మేస్త్రీని పిలిపించాం. మూడడుగుల వెడల్పు, ఇనప గేటు, రెండు వైపులా గడియ, సిమెంటు, కూలీతో కలిపి ఎనిమిది వేల రెండు వందలు అన్నాడు. గేటు ఏ బడి ఆస్తి అవుతుంది, ఏ బడి గ్రాంటులో పెట్టాలి అన్న దగ్గర ఫైలు ఆగింది. మేడమ్‌కి బదిలీ అయింది, నేను రిటైరయ్యాను. మేస్త్రీ రాసిచ్చిన ఎస్టిమేటు కాగితం నా దగ్గరే ఉంది. రేటు పెరిగి ఉంటుంది గానీ కొలతలు అవే, ఎవరికైనా కావాలంటే పంపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు,
కడప